అరచెయ్యంత పెయింటు

సొంత కారు ఉండేవాళ్ళకు ఒక దిగులైతే, ఇంకొకరి కారు ఇంటి ముందర పెట్టుకునేవాళ్ళకు వెయ్యి దిగుళ్ళు. తిరుపాలు పెండ్లాం అనురాధకు ఆ వెయ్యీ ఉండాయి. ఎమ్మిగనూరు మగ్గాల గేరి అంటే నేతోళ్ళ సన్న వీధి, దాంట్లో ఆటో పోవాలంటేనే అరుగుల మీద కూర్చున్నోళ్ళు కాళ్ళు మడుచుకోవాల. అట్లాంటి గేరిలోకి ఆదోని డాక్టరమ్మ కారు వచ్చి పడింది. మెరూన్ రంగుది, మొగం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు దాంట్లో. గ్యారేజీ అనే మాట ఆ గేరిలో ఎవరూ పలికిందీ లేదు, విన్నదీ లేదు.

డాక్టరమ్మ పేరు పద్మ. ఆదోనిలో ఆస్పత్రి ఉంది, వారానికొకసారి ఎమ్మిగనూరుకు వచ్చి ఈడ గూడా రోగుల్ని చూస్తుంది. కూతురి కాన్పుకని బెంగళూరు పోతా పోతా, ఆస్పత్రి కాడ ఇడిస్తే ఎవడో ఒకడు ఒరుసుకుని పోతాడని, కారును తన డ్రైవరు తిరుపాలు ఇంటికాడే పెట్టుకోమనింది. పెట్టుకోమని ఊరుకుంటే బాగుండు. తిరుపాలుకు ముందర డ్రైవరుగా ఉన్న వెంకటేశులును ఎందుకు మానిపించిందో గుర్తు చేసి మరీ రైలెక్కింది. తలుపు మీద బెత్తెడు గీత పడింది, అది ఎట్ల పడిందంటే వాడు నాలుగు రకాలుగా చెప్పినాడు, తాళం చెవి తీసుకుని పంపించేసింది. గీత పడినందుకు పంపించిందో, అబద్ధాలాడినందుకు పంపించిందో ఆయమ్మకే తెలియాల. తిరుపాలు మాత్రం గీతకే అనుకున్నాడు.

అనుకోడా మరి? ఆదోని మిల్లులో పత్తి బేళ్ళు మోసి మోసి నడుము ఇరగ్గొట్టుకున్న మనిషి. ఈ స్టీరింగు పోతే మళ్ళా బేళ్ళ కిందికే దూరాల. ఆ నడుముతో దూరితే మళ్ళా లేచేది ఉండదని ఆస్పత్రిలో ఫోటో తీసి చూపించి చెప్పినారు. ఆ మాట విన్న రోజు నుంచి అనురాధకు ఆ కారు దేవుడి పల్లకి అయిపోయింది.

తిరుపాలు దానికి చేసే సేవ చూసి గేరిలో ఆడోళ్ళు నవ్వేవాళ్ళు. పెండ్లాన్నయినా ఇట్ల చూసుకుంటాండావాప్పా అని పక్కింటి లింగమ్మ మొగం మీదే అడిగేది. దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టనియ్యడు. దుమ్మంటే ఇసుక, పొడిగా తుడిస్తే రాయి పెట్టి రుద్దినట్లే అనేవాడు. ముందు నీళ్ళు పొయ్యాల, దుమ్ము జారిపోవాల, అప్పుడు మెత్త గుడ్డ. కాకి రెట్ట వేస్తే గోరు తగిలించగూడదు, తడి గుడ్డ దాని మీద పరిచి అది నానినంక ఎత్తెయ్యాల. అంగట్లో తెచ్చిన కవరు ఒకటుండేది గానీ, ఈ గాలికాలంలో అది కొట్టుకుని కొట్టుకుని, లోపల చేరిన ఇసుకతో సన్న గీతలు పెడతాందని దాన్ని అటక మీద పారేసినాడు. అందులోనూ బానెట్ అంటే మరీ భయం. పోయినేడు సొట్ట పడితే ఆదోనిలో షెడ్డుకు పంపి దాన్ని సాపు చేయించి, మళ్ళా పెయింటు కొట్టించినారు. కంపెనీలో కొట్టింది ఒంటికి పుట్టిన తోలు మాదిరి, షెడ్డులో కొట్టింది పైన తొడిగిన చొక్కా మాదిరి అని చెప్పేవాడు.

ఇంత తెలిసినోడు కారును ఎండలో పెడతాడా? గేరిలో నీడ ఉండేది ఒక్క చోటే, హుసేనప్ప గోడ పక్కన, వేపచెట్టు కింద. వచ్చిన చిక్కల్లా ఆడనే వచ్చింది. లింగమ్మ మొగుడు హుసేనప్ప ముసలాయన, ఇంకా మగ్గం నేసే నలుగురైదుగురిలో ఒకడు. తెల్లారేలోపల ఆ గోడ పొడవునా పడుగు చాపి గంజి పెట్టుకునేది ఆయన తాతల నాటి పని. నూలు పోగులన్నీ నిలువునా లాగి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరక ముందే ఆరబెట్టుకోవాల. ఆ చోటులో ఇప్పుడు కారు కూర్చుంది. ఇద్దరూ వారం పొద్దుల నుంచి మాటా మాటా అనుకుంటానే ఉండారు. హుసేనప్ప నోరు చెడ్డది, తిరుపాలు నోరు ఇంకా చెడ్డది.

ఆ పొద్దు తిరుపాలు మద్దికెరలో స్నేహితుడి పెండ్లికి బస్సెక్కి పోయినాడు. రేపు పొద్దున వస్తానని, మధ్యాహ్నానికి డాక్టరమ్మ నేరుగా ఎమ్మిగనూరుకే దిగుతుందని, ఆలోపల కారు కడగాలని చెప్పిపోయినాడు. వాడు అటు పోయినాడో లేదో హుసేనప్ప ఇటు వచ్చినాడు. తెల్లారి పడుగు చాపాల, బండి తీయమన్నాడు. తాళం చెవి మొగుని దగ్గర ఉందని అనురాధ చెప్పింది. తాళం ఉండినా ఆమెకు తోలేది యాడొస్తుంది? ముసలాయనకు ఒళ్ళు మండింది. గేరి గేరంతా వినేటట్లు, రేప్పొద్దున ఈ బండి ఈడ కనపడితే గంజి కుండ తెచ్చి దీని నెత్తినే కుమ్మరిస్తా అని అరిచి పోయినాడు. అందరూ విన్నారు. ముసలాయన అరుపులు కొత్తా ఏంటని నవ్వుకున్నారు.

అనురాధ నవ్వలేదు. వేపపండ్ల కాలం, చెట్టు నిండా కాకులు, గోరింకలు. పండ్లు తిని తిని కింద ఏముందో చూసుకోకుండా రెట్టలు వేస్తాండాయి. బానెట్ మీద అప్పుడే ఒకటి పడింది. తడి గుడ్డ వేసి నానబెట్టి ఎత్తింది, అంతలోకే ఇంకొకటి. ఎండకి అది ఎండిపోతే మచ్చ పడుతుందని మొగుడు చెప్పింది గుర్తొచ్చింది ఆమెకు. అటక మీది కవరు తీద్దామంటే గీతలు. చీర కప్పుదామంటే పలుచన, ఎగిరిపోతుంది. అప్పుడు తట్టింది పెట్టెలో ఉండే దుప్పటి. పుట్టింటోళ్ళు నేసి పంపించింది, నీలం మీద ఎర్ర అంచు. దళసరి నూలు, మెత్తంటే మెత్తన. వెన్న మీద పరిచినా గీత పడదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆమె మగ్గం మీది బిడ్డ గదా, ఇంక చూడండి ఆమె తెలివి. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డలో గంజి ఉంటుంది. వాడే ముందర రెండు మూడు నీళ్ళల్లో నానేసి ఉతికి ఆ గంజి పోగొట్టాల. పాలు తాగే పిల్లకు గూడా తెలుసు ఆ గేరిలో. కానీ కొళాయిలో నీళ్ళొచ్చి ఎన్నో పొద్దులైంది, తాగేదానికీ వంటకూ పోను మిగిలిన బిందెడు నీళ్ళు రేపు కారు కడగనీకి దాచిపెట్టుకునింది. ఒక్క రాత్రికి కప్పేదానికి ఉతికేదేముందిలే అనుకుని, మడత ఇప్పి బానెట్ మీద పరిచి, నాలుగు మూలలకూ తాళ్ళు కట్టింది.

సాయంత్రం నాలుగు చినుకులు పడినాయి. పడితే పడనీలే, దుప్పటి ఉంది గదా అనుకునింది. గుడ్డ తడిసింది. గంజి కరిగి కిందికి దిగింది. ఆ తర్వాత తెల్లార్లూ వడగాలి కొట్టింది.

తెల్లారి మసక ఎలుతురులో లేచి తాళ్ళిప్పి దుప్పటి ఎత్తబోతే అది రాలేదు. అప్పడం మాదిరి గట్టిపడి బానెట్‌ను కరుచుకుని ఉంది. మెల్లగా నీళ్ళు చల్లి నానబెట్టింటే గంజి మళ్ళా కరిగేది, గుడ్డ తనంతట తానే ఊడేది. రెట్టకు తెలిసిన ఉపాయం దుప్పటికి తట్టలేదు పాపిష్టిదానికి. మొగుడు బస్సు దిగేలోపల తీసెయ్యాలనే ఒక్క తొందర. మూల పట్టుకుని గుంజింది. చర్రుమని ఊడి వచ్చింది. దాంతోపాటు పెయింటూ వచ్చింది.

అరచెయ్యంత మేర, బానెట్ నడుమన, తెల్లగా పెచ్చు లేచిపోయింది. చుట్టూ ఎండిపోయిన గంజి మరకలు, వాటిల్లో ఆడాడ దుప్పటి అంచు ఎర్ర దారాలు. ఎవరన్నా చూస్తాండారేమో అని ఆ పక్కా ఈ పక్కా చూసింది. గేరిలో మనిషి అలికిడి లేదు. దుప్పటి చుట్టి చంకలో పెట్టుకుని ఇంట్లోకి పోయి, ఆ దాచిన బిందెడు నీళ్ళూ పోసి తొట్టిలో నానేసింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకోవడమంటే అదే.

చెప్పేస్తాననే అనుకునింది. కాళ్ళు కడుక్కునేదానికి నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాలని మాటలు గూడా కూడబలుక్కునింది. పొయ్యి దగ్గర ఉండగానే బయట మొగుని కేకలు వినపడినాయి.

పరిగెత్తుకుని పోయి చూస్తే తిరుపాలు హుసేనప్ప అరుగు ముందర నిలబడి ఎగురుతాండాడు. గంజి పోస్తానని పోసినావు గదరా ముసలోడా, నా నోటికాడి కూడు పడగొట్టినావు గదరా అని. హుసేనప్ప, నేనా, నేనా అంటాండాడు గానీ వినేవాడెవడు? గంజి కళ్ళకు కనపడతాంది. నిన్న ఆయన అరిచిన అరుపు అందరి చెవుల్లో ఉంది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని గేరంతా ఒకటే గుసగుస. లింగమ్మ మొగున్ని వెనకేసుకుని వచ్చి ఏడుస్తా ఒట్లు పెడతాంది.

అనురాధ గడప మీదనే ఆగిపోయింది. ఆమె మనసులో ఏముందో దాచేదెందుకు, చెప్పేస్తా. ముందు ఒక్క నిమిషం ప్రాణం హాయిగా అయింది. తన మీద పడాల్సింది ఇంకొకరి మీద పడిపోయింది. ఆ హాయి చూసుకుని ఆమెకే సిగ్గేసింది. సిగ్గేసినా నోరు రాలేదు. దొంగకు తేలు కుట్టినట్లు గడప పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఆటోలో వచ్చి గేరి మొదట్లోనే దిగింది. తిరుపాలు ఎదురుపోయి అంతా చెప్పుకున్నాడు, చేతులు కట్టుకుని. ఆయమ్మ కారు చుట్టూ తిరిగి చూసింది, వంగి ఆ తెల్ల మచ్చ మీద వేలు పెట్టి చూసింది. అరవలేదు. అరిచింటేనే బాగుండేది. ఫోను తీసి, స్టేషన్‌కు చెప్తాను, మనుషుల మీద కోపాన్ని వస్తువుల మీద చూపించేవాళ్ళకు అదే మందు అనింది.

అప్పుడు శేషన్న అడ్డం వచ్చినాడు. గేరికి పెద్ద, చేనేత సంఘంలో చాలాకాలం ఉన్న మనిషి. పోలీసులు వస్తే ముసలోన్ని అరుగు మీద నుంచి ఈడ్చుకుపోతారు, గేరి పరువు పోతుంది. ఒక్క గంట టైమియ్యి తల్లీ, మా పద్ధతిలో మేం తేలుస్తాం అన్నాడు. వాళ్ళ పద్ధతంటే ఏంటో ఆ సీమలో చెప్పే పన్లేదు. గేరి చివర ఆంజనేయస్వామి గుడి ముందర పళ్ళెంలో కర్పూరం ఎలిగించి, మాట చెప్పి అరచేత్తో ఆర్పాల. అబద్ధం చెప్పి ఆర్పినోడి ఇంట్లో దీపం గూడా అట్లనే ఆరిపోతుందని భయం. దొంగ సారా కాసేవాడు గూడా ఆ పళ్ళెం ముందర అబద్ధం ఆడడు.

గేరంతా గుడికాడికి కదిలింది. అనురాధ కాళ్ళీడ్చుకుంటా మొగుని పక్కనే పోయింది. హుసేనప్ప ఆర్పేస్తాడు, ఆర్పితే ఆయన తప్పు లేదని తేలిపోతుంది, ఎవరు చేసిందీ తెలియకుండానే పోతుందని ఆమె ఆశ. తేలిపోవాలనీ ఉంది, తేలగూడదనీ ఉంది. అడకత్తెరలో పోకచెక్కంటే ఆమే ఆ పొద్దు.

కర్పూరం ఎలిగింది. శేషన్న మాట కట్టినాడు. "నేను ఈ పని చెయ్యలేదు, చేసినోళ్ళెవరో నాకు తెలీదు. ఈ మాట సెప్పి ఆర్పు, హుసేనా."

ముసలాయన చెయ్యి ముందుకు చాపినాడు. మంట మీదికి వచ్చి చెయ్యి ఆగింది.

"చెయ్యలేదని ఆర్పుతా శేషన్నా. రెండో మాట వద్దు."

రెండో మాట ఎందుకొద్దని శేషన్న అడిగినాడు. తెల్లారక ముందే లేచి అరుగు మీద కూర్చునేటోనివి, ఎవర్నన్నా చూసింటే పేరు చెప్పు, చూడలేదంటే ఆర్పు, మధ్యలో ఇదేం యవ్వారమన్నాడు. హుసేనప్ప తల అడ్డంగా ఊపినాడు. పేరు చెప్పడు, తెలీదని ఆర్పడు. లింగమ్మ ఆయన కాళ్ళ మీద పడింది, నీకు దండం పెడతా ఆర్పి రా అని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

ఇంకేముంది. ముసలోడే చేసినాడు, అందుకే దేవుడి ముందర చెయ్యి రాలేదని ఎవరో పైకే అనేసినారు. డాక్టరమ్మ ఫోనులో నంబరు వెతుకుతాంది.

అనురాధకు అప్పుడర్థమైంది. పొద్దున గేరిలో ఎవరూ లేరనుకుంది గదా, ఆ మసకలో అరుగు మీద ఈయన ఉండినాడు. తను దుప్పటి గుంజేది, చంకలో పెట్టుకుని పోయేది అంతా చూసినాడు. వారం పొద్దులు తన మొగునితో తిట్లు తిన్న మనిషి, తన పేరు ఒక్కటి చెప్తే బయటపడిపోయే మనిషి, నోరు మూసుకుని స్టేషన్‌కు పోనీకి తయారైనాడు. ఇంక ఓర్చుకోలేకపోయింది. నోరు తెరిచి ముందుకు అడుగేసింది.

మణికట్టు మీద ఇనుప కడెం పడినట్లయింది. తిరుపాలు పట్టుకున్నాడు. మొగం ముందరికే పెట్టుకుని, పెదాలు కదలకుండా, ఆమెకొక్కదానికే వినపడేటట్లు అన్నాడు.

"నాకు పొద్దున్నే తెలుసు. నోరెత్తాకు."

తెలుసు. ఆ మాట బుర్రలోకి దిగనీకి కొంచెంసేపు పట్టింది ఆమెకు. బస్సు దిగి వచ్చి, ఆ మచ్చ చూసి, గంజిలో ఇరుక్కున్న ఎర్ర దారాలు చూసి, తమ ఇంటి దుప్పటిదే అని గుర్తుపట్టి, ఆ తర్వాతే పోయి ముసలాయన మీద ఎగిరినాడు. కోపంతో అరిచినాడని పొద్దున్నించీ ఆమె అనుకుంటాంది. కోపం కాదు, లెక్క. తప్పు తనది అనుకుని తలొంచుకుని తిరిగింది ఆమె. తనది పొరపాటు. ఇది పొరపాటు కాదు.

భయం లేదని కాదు. పత్తి బేళ్ళు కళ్ళ ముందర కనపడినాయి, వాని నడుము కనపడింది. ఇంకొంచెంసేపు ఊరకుంటే ఆ కష్టం తప్పుతుంది. ఎవరు అడగొచ్చినారు? అంతలో లింగమ్మ మట్టిలో కూర్చుని చీర కొంగుతో మొగం కప్పుకునింది. అనురాధ చెయ్యి విదిలించుకునింది. వాడు వదల్లేదు. రెండోసారి గట్టిగా విదిలిస్తే గాజు చిట్లింది, చెయ్యి వచ్చేసింది.

పోయి పళ్ళెం ముందర నిలబడింది. "నేను చేసినా. గంజి గుడ్డ కప్పినా, అది అతుక్కుంటే గుంజినా. హుసేనప్ప మామ కాదు." అని చెప్పి అరచెయ్యి మంట మీద పెట్టి ఆర్పింది.

చెయ్యి సుర్రుమంటాంటే పిడికిలి బిగించుకుని, దుప్పటి ఎందుకు కప్పిందో, ఎట్ల అతుక్కుందో, ఎట్ల దాచిందో అంతా చెప్పింది, ఏడవకుండా. శేషన్న నెత్తి పట్టుకున్నాడు. మగ్గమోళ్ళ ఇంట్లో పుట్టి, దిగిన గుడ్డ ఉతక్కుండా కప్పుతారా పాపా అని మాత్రం అన్నాడు. అన్నింటి కంటే ఆ మాటే ఎక్కువ కాలింది ఆమెకు.

డాక్టరమ్మ ఫోను సంచీలో పెట్టుకునింది. దగ్గరికి వచ్చి అనురాధ పిడికిలి ఇప్పి, బొబ్బ ఎక్కుతాండే అరచెయ్యి చూసింది. చూస్తానే, చెయ్యి వదలకుండా అడిగింది.

"ఇది మీ ఆయనకు తెలుసా?"

అంతే అడిగింది. గొంతు పెంచలేదు. అనురాధ తెలుసు అంటే వాని బతుకు ఈడితో సరి. వెంకటేశులు మాదిరే తాళం చెవి ఇచ్చి పోవాల్సిందే. తెలీదు అందామంటే ఆర్పిన కర్పూరం పొగ ఇంకా ముక్కులో ఉంది, చెయ్యి ఇంకా మండుతాంది. తిరుపాలు మొగంలో నెత్తురు చుక్క లేదు. ఆమె వైపు చూస్తాండాడు. వద్దని తల ఊపే ధైర్యం గూడా వానికి లేకపోయింది. గేరంతా ఆమె నోటి వైపే చూస్తాంది.

"వానికేం తెలుసమ్మా," అన్నాడు హుసేనప్ప వెనక నుంచి. "రాత్రి ఊర్లోనే లేడు. తెలియక అరిచినాడు."

అందరూ అవునవును అన్నారు. పాపం తెలియక అన్నాడు, ఎవరికైనా కడుపు మంట ఉండదా అన్నారు. డాక్టరమ్మ ముసలాయన్ని చూసింది, తిరుపాలును చూసింది, అనురాధ చెయ్యి మెల్లగా వదిలింది. ముందు ఆ బొబ్బకు మందు రాయించుకోమనింది. కారు ఇంక ఆస్పత్రి ఆవరణలోనే ఉంటుంది, నువ్వు బస్సులో వచ్చి పో అని తిరుపాలుకు చెప్పింది. ఉద్యోగం పోలేదు. ఆయమ్మను ఎక్కించుకుని తిరుపాలు ఆదోనికి తోలుకుపోయినాడు. గుంపు చెదిరిపోయింది. లింగమ్మ మాత్రం పోతా పోతా అనురాధ పక్క చూసి ఉమ్మేసి పోయింది. దానికి అనురాధ బాధపడలేదు.

ఎండ తగ్గినంక ఆమె హుసేనప్ప ఇంటికి పోయింది. ముసలాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునుండాడు, నేయడం లేదు. ఆమె కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగినాడు. నన్ను చూసి గూడా ఎందుకు చెప్పలేదు మామా అని అడిగింది.

"నిన్ను సూసినది సెప్పేటోన్నే. దాంట్లో ఏముండాది, తెలియక చేసినావు, శేషన్న నాలుగు తిట్టి ఇడిసిపెట్టేటోడు," అన్నాడు. "నీ మొగుడు వచ్చి ఆ ఎర్ర దారాలు ఏరి జోబిలో ఏసుకునేది గూడా సూస్తి. నీ పేరెత్తితే అది గూడా సెప్పాల. వాని కూట్లో మన్ను పొయ్యల్యాక మూసుకున్నా."

మరి డాక్టరమ్మకు తెలీదని ఎట్ల చెప్పినావని ఆమె అడగలేదు. ఆయనే అన్నాడు. కర్పూరం మీద చెయ్యి పెట్టి అనలేదు గదా, ఊరికే అంటినిలే అన్నాడు. నవ్వుదామని చూసినాడు గానీ రాలేదు. "నాకైతే ఈ పొద్దు గడిచిపాయ. వానితో కాపురం చెయ్యాల్సింది నువ్వు పాపా," అని మగ్గం వైపు తిరిగిపోయినాడు.

పొద్దు గుంకేటప్పుడు తిరుపాలు బస్సు దిగి వచ్చినాడు. మొగం తేటగా ఉంది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. దోవ పొడుగునా డాక్టరమ్మ నిన్నే పొగిడింది, మీ ఇంటామె మాదిరి మనిషి ఉండాలనింది, అంతా మంచికే అయ్యింది చూడు అన్నాడు. ఆమె చేతికి కట్టిన గుడ్డ చూసి, నొప్పిగా ఉందా అని అడిగినాడు, ప్రేమగానే. అనురాధ ఎడమచేత్తో జొన్నరొట్టె, పుండుకూర పెట్టింది. వాడు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ముసలోడు గూడా మంచోడే, తెలియక అన్నాడని వానంతట వాడే సర్దేసినాడు అన్నాడు.

"నువ్వు దారాలు ఏరి జోబిలో ఏసుకునేది ఆయన సూసినాడు," అనింది అనురాధ.

రొట్టె మీద వాని చెయ్యి ఆగిపోయింది. సూసి గూడా నాకేం తెలీదన్నాడా అని అడిగినాడు. ఆమె పళ్ళెం వాని ముందర నుంచి జరిపింది.

"నేను గుళ్ళో అందరి ముందర సెప్పినా. నువ్వు ఆయన ఒక్కని ముందర సెప్తే సాలు. తెలిసే అనినానని సెప్పి రా. నువ్వు వచ్చినంక వేడిది కాలుస్తా."

వాడు కూర్చునే ఉన్నాడు. నేను ఎట్ల మొగం చూపించేది అని ఒకసారి, రేపు పోతాలే అని ఒకసారి గొణిగినాడు. ఆమె పొయ్యి ముందర కూర్చుని, వాని వైపు తిరగకుండా, పిండి పిసకడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి బొబ్బకు ఒక్క ఎడమచేత్తోనే. పిండి ఒక పక్కకి జరిగిపోతాంది, మళ్ళా లాక్కుంటాంది. అట్ల ఎంతసేపు చూసినాడో, తిరుపాలు లేచినాడు. చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకోకుండానే గడప దాటినాడు.

పక్కింటి తలుపు గొళ్ళెం చప్పుడు రెండుసార్లు వినపడింది. తర్వాత లింగమ్మ గొంతు, ఎవరది అని. దానికి వాడు చెప్పిన జవాబు అనురాధకు వినపడలేదు. తలుపు మాత్రం తీసినారు. ఆమె పెనం పొయ్యి మీద పెట్టింది.